గుడి కట్టింది ఊరు, ఫాదర్‌ని పంపింది ఎవరు?

పోలండ్ పల్లెల్లోని ఫాదర్ల గురించి అక్కడి జనం రెండు కథలు చెబుతారు. మొదటి కథలో ఫాదర్ జాతిని కాపాడినవాడు. దేశాన్ని ముగ్గురు చక్రవర్తులు పంచుకుని, 123 ఏళ్లు పటంలో పోలండ్ అనే పేరే లేకుండా చేసినప్పుడు, పల్లెల్లో భాషనీ ప్రార్థననీ నిలబెట్టింది ఆయనే. రెండో కథలో ఆయన దొర పక్కన కూర్చుని భోంచేసినవాడు, పెళ్లికీ చావుకీ రైతు దగ్గర డబ్బు గుంజినవాడు, ఎదురు మాట్లాడితే నరకం చూపించి భయపెట్టినవాడు. రెండు కథలకీ కావలసినన్ని సాక్ష్యాలున్నాయి. అందుకే ఆ వాదన ఎప్పటికీ తెగదు.

నాకు మాత్రం ఆ రెండింటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుందనిపిస్తుంది. ఆ ఫాదర్‌ని ఆ ఊరికి ఎవరు పంపారు? ఆయనకు తిండి ఎవరు పెట్టారు? ఆయన్ని వద్దనుకుంటే తీసేసే అధికారం ఎవరి చేతిలో ఉంది? వెయ్యేళ్ల చరిత్రలో తిండి పెట్టింది దాదాపు ఎప్పుడూ ఊరే. పంపడం, తీసేయడం మాత్రం ఊరి చేతికి ఎన్నడూ రాలేదు. దొర పంపాడు, చక్రవర్తి పంపాడు, బిషప్ పంపాడు, కొన్నాళ్లు కమ్యూనిస్టు ప్రభుత్వం కూడా నేనే పంపుతానంది. పోలిష్ పల్లె ఫాదర్ల మంచిలోనూ చెడులోనూ చాలా భాగానికి మూలం ఇదే అని నా వాదన.

ఈ ప్రశ్న నాకెందుకంటే, నేను గుంటూరు వైపు కాథలిక్ కుటుంబంలో పుట్టినవాణ్ణి. మా విచారణకు, అంటే ఒక గుడి కింద ఉండే ఊళ్లకు, కొత్త గురువు (ఫాదర్‌ని మేం అలాగే అంటాం) వస్తున్నారని ఊరికి తెలిసేది మేత్రాణుల వారి, అంటే బిషప్ గారి, ఉత్తరం వచ్చాకే. గుడి గోడలకు ఇటుకలు మోసినవాళ్లను ఎవరూ అడిగింది లేదు. ఉద్యోగం మీద పోలండ్ వచ్చాక అక్కడి పల్లెల చరిత్ర చదవడం మొదలుపెడితే, నా చిన్నప్పటి ప్రశ్నే ఇంకా పెద్దదిగా, ఇంకా పాతదిగా కనపడింది.

966లో మియెష్కో రాజు జ్ఞానస్నానం తీసుకున్నాడు. 1000లో గ్నియెజ్నో అగ్రపీఠం, అంటే ఆర్చిబిషప్ స్థానం, ఏర్పడింది. బడి పుస్తకాల్లో ఈ రెండు సంవత్సరాలూ పెద్ద అక్షరాల్లో ఉంటాయి గానీ, మారుమూల పల్లెకు గుడి రావడానికి ఇంకో రెండు మూడు వందల ఏళ్లు పట్టింది. వచ్చినప్పుడు కూడా అది దొర చేతుల మీదుగానే వచ్చింది. దొర తన నేల మీద గుడి కట్టించేవాడు. ఫాదర్ బతుకుదెరువు కోసం కొంత పొలం రాసిచ్చేవాడు. దానికి బదులుగా ఫాదర్ పేరు ప్రతిపాదించే హక్కు తనకీ తన వారసులకీ అట్టిపెట్టుకునేవాడు. బిషప్ ఆమోదం ఉండాలని నియమం ఉంది. కానీ పేరు చెప్పేది దొరే. ఆస్తి చేతులు మారితే ఈ హక్కూ ఆస్తితో పాటే కొత్త యజమానికి పోయేది. పీఠం దగ్గర దొర కుటుంబానికి ప్రత్యేకమైన బెంచీ, పోయాక గుడి నేల కింద సమాధి. ఊళ్లో మిగతావాళ్లు వెనక నిలబడేవాళ్లు.

ఇక ఫాదర్ కూడా చిన్న దొరే. గుడి మాన్యం ఉండేది, పంటలో దశమ భాగం వచ్చేది, చాలా చోట్ల ఆ మాన్యంలో వెట్టి చేయాల్సిన రైతులు కూడా ఉండేవారు. 1520లో రాజు చేసిన చట్టంతో వారానికి కనీసం ఒక రోజు దొర పొలంలో ఊరికే పని చేయడం రైతుకు తప్పనిసరి అయింది. తర్వాతి రెండు శతాబ్దాల్లో అది మూడు రోజులకీ నాలుగు రోజులకీ పెరిగింది. వెట్టి అంటే తెలంగాణ పల్లెల్లో పెద్దవాళ్లకు నేను వివరించక్కర్లేదు. దొర పెట్టిన ఫాదర్, దొర ఇచ్చిన పొలం మీద బతికే ఫాదర్, దొర ముందు బెంచీలో కూర్చుని వింటుండగా వెట్టి గురించి ఏం ప్రసంగించగలడు?

ఇది ఊహ కాదనడానికి ఒక ఉదాహరణ చాలు. రైతుల మీద జరిగే దౌర్జన్యాన్ని ఆ కాలంలో గట్టిగా తప్పుబట్టిన గొంతుల్లో పేరున్నది ప్యోత్ర్ స్కార్గా అనే జెస్యూట్‌ది, అంటే ఒక కాథలిక్ సన్యాస సభకు చెందిన గురువుది. ఆయన పల్లె ఫాదర్ కాదు, మూడో జిగిస్ముంద్ రాజు ఆస్థానంలో ప్రసంగీకుడు. ఏ ఊరి దొరా ఆయన కూడు తీసేయలేడు. అందుకే అనగలిగాడు. పల్లె ఫాదర్లకు ధైర్యం తక్కువనీ మనసు లేదనీ నేను అనడం లేదు. వాళ్లను నిలబెట్టిన చోటు అలాంటిది.

అయినా ఆ చోటు నుంచే కొందరు ఆశ్చర్యపోయే పనులు చేశారు. ఊరంతటిలో చదువూ, కాస్త తీరికా, కొంత నేలా మూడూ ఉన్న మనిషి చాలాసార్లు ఫాదర్ ఒక్కడే. చెహనోవియెత్స్ విచారణ గురువు క్షిష్తోఫ్ క్లుక్ 18వ శతాబ్దంలో మొక్కల మీదా వ్యవసాయం మీదా పోలిష్ భాషలో పుస్తకాలు రాసి ఆ శాస్త్రానికే పునాది వేశాడు. సైలీషియాలో కార్వోవిత్సె గ్రామ గురువు యాన్ జెర్జోన్ 1845లో, మగ తేనెటీగలు ఫలదీకరణ లేని గుడ్ల నుంచి పుడతాయని ప్రకటించాడు. పోపులకూ పండితులకూ దూరంగా, తన పెరట్లోని తేనెపట్టెల దగ్గర కూర్చుని కనిపెట్టిన విషయమది. వీళ్ల గురించి చదివినప్పుడల్లా నాకు సంతోషంగానే ఉంటుంది. కానీ వీళ్ల వల్ల ఊరికి గొంతు వచ్చిందా అంటే రాలేదు.

1772, 1793, 1795. మూడు విడతల్లో రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా పోలండ్‌ని పంచుకున్నాయి. అప్పటి నుంచి ఫాదర్ మీద ఇంకో యజమాని వచ్చి కూర్చున్నాడు. ఆస్ట్రియా భాగమైన గలీషియాలో 1784 నుంచి జనన మరణ వివాహాల పుస్తకాలు ప్రభుత్వ రికార్డులయ్యాయి, రాసే గుమాస్తా ఫాదరే. వార్సా ప్రాంతంలో 1808 నుంచి అదే పని మీద పడింది. కొన్నాళ్లు యూదుల పుట్టుకలూ పెళ్లిళ్లూ కూడా కాథలిక్ ఫాదరే రాసేవాడు. రష్యా పాలనలో 1868 నుంచి ఆ పుస్తకాలు రష్యన్ భాషలోనే రాయాలన్నారు. అంటే పోలిష్‌లో ప్రార్థన చెప్పే మనిషే, గుడి పక్క గదిలోకి వెళ్లి, అదే బిడ్డ పేరు పాలకుడి భాషలో రాయాలి. ఈ రోజు అమెరికా నుంచి తాతముత్తాతల పేర్లు వెతుక్కుంటూ వచ్చేవాళ్లు తిరగేసేది ఆ పుస్తకాలనే. పేద రైతు జీవితానికి మిగిలిన కాగితం చాలాసార్లు అదొక్కటే. ఆ రాతకు నాకు గౌరవం ఉంది. కానీ అది ప్రభుత్వం అప్పజెప్పిన ఉద్యోగమన్న సంగతి మర్చిపోకూడదు.

ఈ ఇరుకులో ఒక మనిషి ఏం చేశాడో కొంచెం నింపాదిగా చెప్పాలి. ప్యోత్ర్ ష్చెగెన్నీ 1801లో కియెల్త్సె దగ్గర బిల్చా అనే ఊళ్లో రైతు కుటుంబంలో పుట్టాడు. వెట్టి అంటే ఏమిటో ఇంట్లోనే చూశాడు. గురువై లూబ్లిన్ వైపు పల్లెల్లో పనిచేశాడు. 1832లో పోపు 16వ గ్రెగరీ పోలండ్ బిషప్‌లకు ఉత్తరం రాసి, అంతకు ముందు రష్యా మీద జరిగిన తిరుగుబాటును ఖండించి, చట్టబద్ధమైన పాలకుడికి, అంటే రష్యా చక్రవర్తి జారుకు, విధేయంగా ఉండమన్నాడు. ష్చెగెన్నీ ఏం చేశాడంటే, అదే పోపు పేరుతో ఇంకో ఉత్తరం తానే రాశాడు. అందులో పోపు రైతులతో మాట్లాడతాడు. రాజుల కోసం మీలో మీరు కొట్టుకు చావకండి, మిమ్మల్ని పీడించేవాళ్లు దొరలూ రాజులే, వాళ్ల మీద లేవండి అంటాడు. చదువు రాని జనానికి ఆ చిన్న పుస్తకం చదివి వినిపించేవాళ్లు.

అది అబద్ధపు ఉత్తరమని తప్పుపట్టేవాళ్లున్నారు. నేను తప్పుపట్టలేను. ఊరు నమ్మే ఒకే ఒక గొంతు రోమ్ నుంచి వచ్చేదైతే, ఆ గొంతు రైతుకు వ్యతిరేకంగా మాట్లాడుతుంటే, రైతు కొడుకైన ఆ ఫాదర్ దాని చేత ఒక్కసారైనా రైతు మాట పలికించాలనుకున్నాడు. 1844లో ఎవరో పట్టించారు. 1846లో కియెల్త్సెలో ఉరికొయ్య ముందు నిలబెట్టి, అప్పుడు శిక్ష మార్చామని చదివి, సైబీరియాకు పంపారు. గురుత్వం తీసేశారు. 1871లో గానీ తిరిగి రాలేదు. చివరి రోజుల్లో ఆయన్ని మళ్లీ గురువుగా అంగీకరించారు. 1890లో లూబ్లిన్‌లో పోయాడు.

అదే 1846లో గలీషియాలో తర్నూఫ్ చుట్టుపక్కల రైతులు లేచి, యాకుబ్ షెలా లాంటివాళ్ల వెనక నడిచి, దొరల బంగళాల మీద పడ్డారు. దాదాపు 1000 మంది చనిపోయారు. దొరలు జాతి స్వాతంత్ర్యం కోసం తిరగబడుతుంటే, రైతులు ఆస్ట్రియా చక్రవర్తే తమ దిక్కని నమ్మారు. దాని తర్వాత కరోల్ అంతోనియెవిచ్ అనే జెస్యూట్ ఆ ఊళ్లన్నీ తిరిగి పశ్చాత్తాప ప్రసంగాలు చేశాడు. రైతులు ఏడ్చారట, ఒప్పుకున్నారట. అంతకు ముందు వందల ఏళ్ల వెట్టికి దొరల చేత అలా ఊరూరా పశ్చాత్తాపం చెప్పించిన వాళ్లు లేరు. నాకు ఇక్కడ కోపం వస్తుంది, దాన్ని దాచుకోను.

రష్యా మీద లేచిన 1863 తిరుగుబాటులో చాలామంది ఫాదర్లు దేశం కోసం నిలబడ్డారు. వూకూఫ్‌లో సహాయ గురువుగా ఉన్న స్తానిస్వావ్ బ్జుస్కా అందరూ లొంగిపోయాక కూడా పోరాడాడు. 1865 మే 23న సొకోవూఫ్ పొద్లాస్కీ సంతబయలులో ఉరి తీశారు. ఆయనకు అప్పటికి 35 ఏళ్లు కూడా నిండలేదు. ఆ త్యాగం నిజం. అయితే రష్యా పాలనలోని రైతుకు భూమి హక్కు ఇచ్చిన కాగితం మాత్రం 1864లో జారు సంతకంతోనే వచ్చింది. తిరుగుబాటు ప్రభుత్వమూ భూమి ఇస్తామంది, కానీ అమలు చేసే బలం జారుకే ఉంది. తర్వాత జారు గుడి మాన్యాలు కూడా లాక్కుని, ఫాదర్లకు జీతాలు కట్టాడు. మళ్లీ అదే లెక్క: కూడు పెట్టేవాడు మారాడు, ఊరిని అడిగినవాడు లేడు.

ప్రష్యా భాగంలో కథ ఇంకో దారి పట్టింది. నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే. 1871లో ప్రష్యా నాయకత్వంలోని జర్మనీ చట్టం చేసింది: ప్రసంగ పీఠం మీది నుంచి రాజ్యానికి వ్యతిరేకంగా మాట్లాడిన గురువుకు జైలు. 1873 చట్టాలతో ఫాదర్ల చదువూ నియామకమూ ప్రభుత్వ పరీక్షకూ అనుమతికీ లోబడాలన్నారు. ఒప్పుకోని అగ్రపీఠాధిపతి లెదుహోఫ్‌స్కీని 1874లో జైల్లో పెట్టారు. చాలా విచారణలు గురువు లేక ఏళ్లకేళ్లు ఖాళీగా ఉన్నాయి. జర్మనీ ఛాన్సలర్ బిస్మార్క్ అనుకున్నది జరగలేదు. అంతవరకూ ఎడమొహం పెడమొహంగా ఉన్న రైతూ ఫాదరూ ఒక వైపు చేరారు.

అక్కడి ఫాదర్లు చేసిన గొప్ప పని జెండాలు పట్టుకోవడం కాదు, అప్పుల పుస్తకాలు పట్టుకోవడం. 1871లో పోజ్నాన్ ప్రాంతంలో పోలిష్ సహకార సంఘాల సమాఖ్య ఏర్పడింది. దాన్ని చాలా ఏళ్లు ఔగుస్తిన్ షమజెఫ్‌స్కీ, 1891 నుంచి ప్యోత్ర్ వావ్జిన్యాక్ నడిపారు. ఇద్దరూ గురువులే. వావ్జిన్యాక్ ఆ తర్వాతి కాలంలో మోగిల్నో విచారణ గురువుగా ఉంటూనే వందకు పైగా పరపతి సంఘాల లెక్కలు చూసేవాడు. పద్ధతి చాలా మామూలుది. రైతు కొంచెం కొంచెం దాచుకుంటాడు, వాటా తీసుకుంటాడు, సభ్యుడవుతాడు, సభలో ఓటు వేస్తాడు. విత్తనానికో పశువుకో అప్పు కావాలంటే వడ్డీ వ్యాపారి గుమ్మం తొక్కక్కర్లేదు. 1886లో ప్రష్యా ప్రభుత్వం పోలిష్ భూములు కొని జర్మన్లకు ఇవ్వడానికి 10 కోట్ల మార్కులతో ఒక కమిషన్ పెట్టింది. దానికి ఎదురు నిలిచింది ఈ చిన్న రైతుల డబ్బే.

గమనించండి, గుడిలో లేనిది ఆ సంఘంలో ఉంది. ఫాదర్ అధ్యక్షుడిగా కూర్చున్నా, లెక్కలు అందరి ముందూ చదవాలి, తప్పు లేదని సభ ఒప్పుకోవాలి. అదే ఫాదర్, అదే రైతు, అదే ఊరు. కానీ ఇక్కడ రైతుకు ప్రశ్నించే హక్కుంది. ఊరికి ఫాదర్ మీద నమ్మకం ఎక్కడ గట్టిపడిందో చూస్తే అది ఇలాంటి చోట్లేనని నేను అంటాను.

లిస్కూఫ్ కూడా అలాంటిదే. కలిష్ దగ్గర పేద గ్రామం, అప్పటికి రష్యా పాలనలో ఉంది. 1900లో వాత్స్వావ్ బ్లిజిన్‌స్కీ అక్కడికి గురువుగా వచ్చాడు. ముందు సహకార దుకాణం పెట్టించాడు. తర్వాత పాల కేంద్రం, పొదుపు సంఘం, చేతిపనుల బడి, యుద్ధంలో అనాథలైన పిల్లలకు ఆశ్రమం. ఒకదాని తర్వాత ఒకటి. 1925లో ఆ ఊరు తన పనిని దేశానికి చూపిస్తూ ప్రదర్శన పెట్టింది. పొరుగు జిల్లాల రైతులు బళ్లు కట్టుకుని చూడ్డానికి వచ్చారు. మంచి ఫాదర్ వస్తే ఊరు ఎలా మారుతుందో చెప్పడానికి పోలండ్‌లో అందరూ లిస్కూఫ్ పేరు చెబుతారు. నేను దాన్నే తిప్పి అడుగుతాను: పక్క ఊళ్లు ఏం పాపం చేశాయి? అలాంటి గురువు కావాలని వాళ్లు అడిగే దారి ఏది? ఊరి బాగు ఒక బదిలీ ఉత్తరం మీద ఆధారపడితే అది అదృష్టమే అవుతుంది.

ఈ సహకార ఉద్యమానికి ఒక చీకటి కోణం ఉంది. దాన్ని పక్కన పెట్టి పొగడటం న్యాయం కాదు. పోలిష్ పల్లెల్లో దుకాణం, సారా అంగడి, చిన్న అప్పులు చాలా వరకు యూదుల చేతుల్లో ఉండేవి. సారా మీద గుత్త హక్కు దొరది, అంగడి నడిపేది కౌలుకు తీసుకున్న యూదుడు, తిట్లు తినేదీ ఆయనే. ‘మన దుకాణంలోనే కొనండి’ అన్న పిలుపు చాలా పీఠాల మీది నుంచి ‘యూదుడి దగ్గర కొనకండి’ అనే మాటగా వినపడింది. 1936లో దేశంలో అందరికంటే పెద్ద గురువు, కార్డినల్ హ్లోంద్, కొట్టడం తప్పంటూనే కొనకపోవడం మంచిదే అని ఉత్తరం రాశాడు. కొన్నేళ్లకు ఆ యూదు పొరుగువాళ్లను జర్మన్లు పట్టుకుపోతున్నప్పుడు, ప్రాణాలకు తెగించి వాళ్లను దాచిన ఫాదర్లున్నారు, తలుపు తీయని ఊళ్లూ ఉన్నాయి. ఏళ్ల తరబడి విన్న ఆ ప్రసంగాలకూ మూసిన ఆ తలుపులకూ సంబంధం లేదని నేను నమ్మలేను.

గలీషియాలో రైతుకు గొంతివ్వాలని చూసిన గురువుకు ఏమైందో చూడండి. స్తానిస్వావ్ స్తోయవోఫ్‌స్కీ 1875లో రెండు చిన్న పత్రికలు కొని, రైతులకు అర్థమయ్యే భాషలో నడిపాడు. వ్యవసాయ సంఘాలు పెట్టించాడు, సభలు జరిపాడు, రైతులే రైతులకు ఓటు వేయాలన్నాడు. దొరలకు కోపం వచ్చింది, ప్రభుత్వం పలుమార్లు జైల్లో వేసింది, బిషప్‌లు ఆయన పత్రికలు చదవొద్దన్నారు. 1896లో రోమ్ ఆయన్ని వెలివేసింది, మరుసటి ఏడు ఆ శిక్ష ఎత్తేసింది. యూదుల మీద ద్వేషం ఆయన రాతల్లోనూ ఉంది, చివరికి ఆయన రాజకీయాలు వేరే దారి పట్టాయి. ఆయన్ని నేను మహాత్ముడిగా చూపించడం లేదు. కానీ ఆయన చదవడం నేర్పిన రైతులు ఆయన దగ్గర ఆగలేదు. 1895లో జెషూఫ్‌లో రైతులు తమ పార్టీ పెట్టుకున్నారు. వియెష్‌హోస్వావిత్సె గ్రామ రైతు వింత్సెంతీ వీతోస్ ఆ ఉద్యమంలో ఎదిగి, 1920లో దేశ ప్రధాని అయ్యాడు. ఆ దారిలో ఆయనకు తర్నూఫ్ బిషప్‌తో ఏళ్ల తరబడి తగాదా. రైతు పార్టీ పత్రిక చదివినందుకు పాపసంకీర్తనంలో (గురువు ముందు పాపాలు ఒప్పుకునే సంస్కారంలో) క్షమాపణ నిరాకరించిన ఫాదర్లు ఉన్నారు. వీతోస్ మాత్రం ఆదివారం పూజ మానలేదు. గుడిని ప్రేమిస్తూ గురువుతో వాదించడం సాధ్యమేనని ఆ తరం రైతులు చేసి చూపించారు.

డబ్బు సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే పల్లెల్లో ఫాదర్ మీద కోపం చాలాసార్లు అక్కడే మొదలైంది. జ్ఞానస్నానానికి ఇంత, పెళ్లికి ఇంత, సమాధికి ఇంత. నవంబర్‌లో చనిపోయినవాళ్ల పేర్లు చదివించడానికి కొంత. క్రిస్మస్ తర్వాత గురువు ఇంటింటికీ వచ్చి దీవించే ఆచారాన్ని కొలెండా అంటారు. బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి, సిలువా కొవ్వొత్తులూ పవిత్ర జలమూ పెట్టి, పక్కన ఒక కవరు ఉంచుతారు. ఒక జనవరిలో నేను పనిచేసే చోటి స్నేహితుడి ఊళ్లో, వాళ్ల అమ్మగారి ఇంట్లో ఆ దీవెన చూశాను. ఆవిడ పొద్దున్నే ఇల్లంతా కడిగింది. ఎంత పెట్టాలో కొడుకుతో రెండుసార్లు మాట్లాడింది. ‘మీ ఇష్టం’ అన్నదే అధికారిక ధర. కానీ ఆ ఇష్టం ఎంత ఉండాలో ఊళ్లో అందరికీ తెలుసు. ఆవిడ భక్తి నిజమైనది, ఆ టెన్షన్ కూడా నిజమైనదే. ‘ఇంట్లో ఒక గురువుంటే పేదరికం కొమ్ము విసరదు’ అని పోలిష్ సామెత. రైతు కుటుంబాలు ఒక కొడుకును గురువిద్యాలయానికి పంపడానికి ఆవును అమ్ముకున్నాయంటే అందులో దేవుడూ ఉన్నాడు, ఈ లెక్కా ఉంది.

ఆ డబ్బు మీద తిరుగుబాటు గుడి లోపలి నుంచే వచ్చింది. ప్వోత్స్క్‌లో ఫెలిక్సా కొజ్వోఫ్‌స్కా అనే సన్యాసిని చుట్టూ చేరిన కొందరు గురువులు, ధరల పట్టీ లేకుండా సంస్కారాలు జరుపుతామన్నారు, నిరాడంబరంగా బతికారు. 1906లో రోమ్ వాళ్లను వెలివేసింది. మరియావితులనే ఆ శాఖలోకి మజోవియా ప్రాంతంలో వేల మంది, కొన్ని చోట్ల ఊళ్లకు ఊళ్లే, వెళ్లిపోయారు. అంతకు ముందే, 1897లో, అమెరికాలోని స్క్రాంటన్‌లో పోలిష్ వలస కూలీలు మేం కట్టిన గుడి ఆస్తి మీద మాకు మాట ఉండాలని అడిగి, లేదంటే విడిగా పోయారు. వాళ్ల నాయకుడు ఫ్రాంచిషెక్ హొదుర్ గలీషియా పల్లెలో పుట్టిన గురువు. మహాసముద్రం దాటాక గానీ ఆ ప్రశ్న పైకి అడగడం కుదరలేదు.

రెండో ప్రపంచ యుద్ధం గురించి క్లుప్తంగా చెబుతాను. చదివిన ప్రతిసారీ మాట కరువయ్యే భాగం అది. డహావ్ నిర్బంధ శిబిరంలో పెట్టిన గురువుల్లో 1,780 మంది పోలండ్ వాళ్లు, వాళ్లలో 868 మంది అక్కడే చనిపోయారు. పోజ్నాన్ ప్రాంతంలో చాలా విచారణలు గురువు లేకుండా అయిపోయాయి. జనం ఆ చావుల్ని మర్చిపోలేదు. తర్వాతి నలభై ఏళ్లు ఫాదర్ మాటకు దొరికిన గౌరవంలో ఆ రక్తం వాటా చాలా ఉంది.

1950లో కమ్యూనిస్టు ప్రభుత్వం చర్చి భూములు తీసుకుంది. పల్లె గురువుల చిన్న కమతాలు మాత్రం వదిలింది. 1953 ఫిబ్రవరిలో ఇంకో శాసనం చేసింది: ఏ విచారణకు ఎవరిని నియమించాలన్నా, తీసేయాలన్నా, ప్రభుత్వ అనుమతి ఉండాలి. బిషప్‌లు ‘మేం ఒప్పుకోం’ అన్నారు. సెప్టెంబర్‌లో కార్డినల్ విషిన్‌స్కీని నిర్బంధించారు. ఆయన జుజెలా అనే పల్లెలో గుడి ఆర్గన్ వాయించే మనిషి కొడుకు. 1956లో విడుదలయ్యాడు, శాసనం కూడా సడలింది. బిషప్‌ల పట్టుదల గొప్పదే. కానీ ఆ పోరాటం మొత్తం ఫాదర్‌ని ఎవరు నియమించాలన్న దాని మీదే జరిగింది, ఆ తగువులో రాజ్యం ఒక పక్షం, బిషప్ ఒక పక్షం. మూడో పక్షం ఉందన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

విచిత్రం ఏమిటంటే, ఊరికి తన గుడి మీద అన్నిటికంటే ఎక్కువ పట్టు దొరికింది ఆ కాలంలోనే. మాన్యం లేదు, దొర లేడు, రాజ్యం జీతం ఇవ్వదు. ఫాదర్ బతకాలంటే ఊరే దిక్కు. 1961లో బడుల నుంచి మతబోధన తీసేస్తే రైతులు తమ ఇళ్లల్లో గదులిచ్చారు. ప్షెమిష్ల్ బిషప్ ఇగ్నాత్సీ తొకార్చుక్ హయాంలో అనుమతి లేకుండా వందల గుళ్లు లేచాయి. పశువుల కొట్టం అని చెప్పి గోడలు కట్టి, రాత్రికి రాత్రి దాన్ని గుడిగా మార్చేవాళ్లు. జరిమానాలు కట్టింది రైతులు, కాపలా కాసింది ఆడవాళ్లు. సమష్టి వ్యవసాయం కూడా ఆ దేశంలో నిలబడలేదు, నాలుగింట మూడొంతులకు పైగా సాగు భూమి రైతుల పేరునే మిగిలింది. తన భూమి, తన గుడి, తన డబ్బుతో బతికే ఫాదర్. 1984లో రహస్య పోలీసులు చంపిన యెజీ పోపియెవుష్కో కూడా ఒకోపీ అనే పల్లెలో రైతు కొడుకే. ఆయన మాటను జనం తమ మాటగా విన్నారంటే దాని వెనక ఈ దగ్గరితనం ఉంది.

1989 తర్వాత ఆ దగ్గరితనం వదులైంది. మతబోధన బడిలోకి తిరిగి వచ్చింది, దానికి ప్రభుత్వ జీతం వచ్చింది, లాక్కున్న ఆస్తులు కొన్ని వెనక్కి వచ్చాయి. ఫాదర్‌కి ఊరి అవసరం తగ్గింది, ఊరికి మాత్రం అడిగే హక్కు పెరగలేదు. పిల్లల మీద అత్యాచారాలు చేసిన గురువులను శిక్షించకుండా ఒక పల్లె నుంచి ఇంకో పల్లెకు మార్చిన సంగతులు 2019లో ఒక డాక్యుమెంటరీతో బయటపడినప్పుడు దేశం కదిలిపోయింది. ఆ మనిషి ఎందుకు బదిలీ అయి వచ్చాడో కొత్త ఊరికి ఎవరూ చెప్పలేదు. అడిగే అలవాటూ దారీ ఊరికి లేవు. ఊరిని అడగని నియామకం ఎంత దూరం పోగలదో ఆ పిల్లల జీవితాల్లో కనపడుతుంది.

ఆదివారం పూజకు వెళ్లేవారి లెక్క చర్చే తీస్తుంది. 1980లో 51 శాతం, 2022లో 29.5 శాతం. యూరప్ గాలి అంటారు, ఫోన్లు అంటారు, పట్నం వలసలు అంటారు. అవన్నీ ఉన్నాయి. అయితే తర్నూఫ్ మేత్రాసనంలో (ఆ బిషప్ కింది ప్రాంతంలో) ఇప్పటికీ సగం కంటే ఎక్కువ మంది వెళుతున్నారు, ఆ జనం దగ్గరా ఫోన్లున్నాయి. గలీషియా రైతు తన భూమి, తన సంఘం, తన పార్టీ అనే అలవాటు ముందుగా నేర్చుకున్న నేల అది. బిషప్‌తో తగాదా పడి కూడా గుడి వదలని వీతోస్ పుట్టిన నేల. ఇది ఒక్కటే కారణమని నిరూపించలేను, కానీ ఈ కలయికను కాకతాళీయం అని కొట్టిపారేయలేను.

చేయాల్సినదానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. 1983 నాటి చర్చి ధర్మశాస్త్రం 537వ నియమం ప్రకారం ప్రతి విచారణలోనూ ఆర్థిక సంఘం ఉండి తీరాలి. అయితే దానిది సలహా మాత్రమే, గురువు వినకపోయినా అడిగేవాడు లేడు. పోలండ్‌లో నాకు తెలిసిన ఊళ్లలో ఆ సంఘంలో ఎవరున్నారో చెప్పగలిగినవాళ్లు తక్కువ, మా గుంటూరు వైపూ అంతే. ఆ పేర్లు గుడి తలుపు మీద అంటించాలి. ఏడాది లెక్క పూజ తర్వాత చదవాలి, వావ్జిన్యాక్ తన సంఘాల్లో చదివించినట్టే. గురువును మార్చే ముందు బిషప్ ఆ ఊరికి వచ్చి, ఒక మధ్యాహ్నం కూర్చుని, వెళ్లిపోయే మనిషి గురించీ వచ్చే మనిషి గురించీ ఊరు చెప్పేది వినాలి, అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాలి.